వదులు ముడి

ఆరో తరగతిలో వృత్తాల పాఠం మొదలయ్యే రోజు నలభై జామెట్రీ బాక్సులు ఒకేసారి తెరుచుకునేవి. ఆ రేకు పెట్టెల చప్పుడంటే నాకు ఇష్టం. పది నిమిషాలు గడిచేసరికి ఫిర్యాదులు మొదలయ్యేవి. "మాస్టారూ, నాది కలవట్లేదు." కంపాస్‌కి మర సడలిపోయి ఉంటుంది. పెన్సిలు ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు దాని కాళ్ల మధ్య ఎడం గింజంత మారిపోతుంది. గీత బయల్దేరిన చోటికి చేరదు. పిల్లలు ఆ ఖాళీ దగ్గర రబ్బరుతో తుడిచి, చేత్తో వంపు తిప్పి అతికించి తెచ్చి చూపించేవారు. నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాణ్ణి. చాలా ఏళ్లు అలాగే పెట్టాను. ఆ ఖాళీ దగ్గర ఆగి, ఎందుకు కలవలేదని అడిగి ఉంటే పాఠం అక్కడే మొదలయ్యేది.

నా పాఠం మాత్రం బోర్డు మీద ఉండేది. ఒక పెద్ద వృత్తం, దాని చుట్టూ బాణం గుర్తులు, ఒక్కో బాణం చివర ఒక్కో పేరు: కేంద్రం, వ్యాసార్ధం, వ్యాసం, జ్యా, చాపం, పరిధి. పిల్లలు బొమ్మ దించుకునేవారు, పరీక్షలో పేర్లు సరిగ్గానే రాసేవారు. ఒకసారి ఎందుకో, పుస్తకం మూయించి, "కేంద్రం అంటే ఏమిటిరా?" అన్నాను. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "ఢిల్లీ, మాస్టారూ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు, నేనూ నవ్వలేకపోయాను. వాడు చెప్పింది తప్పేమీ కాదు. కేంద్రం నిధులిచ్చింది, కేంద్రం ఇవ్వలేదు అని ఇంట్లో టీవీ రోజూ చెబుతూనే ఉంటుంది. వ్యాసం అంటే తెలుగు మాస్టారు రాయమనేది. పరిధి అంటే ఆఫీసులో నాన్నతో అనేది: ఇది మా పరిధిలోకి రాదు. ఆ మాటల్లో అప్పటికే ఎవరో కాపురముంటున్నారు. నేను తలుపు తట్టకుండా నా సామాను అందులో దించుతున్నాను. ఇక జ్యా అనే మాటకైతే ఆ పిల్లల లోకంలో ఇల్లే లేదు.

ఆ మర్నాడు క్లాసుని బడి వెనక ఉన్న కొబ్బరితోటలోకి తీసుకెళ్లాను. మా ప్రాంతం పేరు ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అలా అయిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. కాలి కింద ఇసక. బోర్డు కన్నా మంచి బోర్డు: తప్పు గీస్తే పాదంతో రాసేస్తే పోతుంది, సుద్దముక్క అక్కర్లేదు, క్లాసంతా బోర్డు లోపలే నిలబడచ్చు. పైగా అక్కడ ప్రతి చెట్టు మొదట్లో ఒక వృత్తం ఉంది. పాదు. కొబ్బరిచెట్టుకి ఆహారం తీసే వేళ్లు ఎక్కువగా మొదలు చుట్టూ ఉంటాయి కాబట్టి 1.8 మీటర్ల వ్యాసార్ధంతో పాదు చేసి ఎరువు వేయాలని వ్యవసాయ శాఖవాళ్లు చెబుతారు. మా రైతులు ఆరడుగులు అంటారు. రెండూ ఒకటే.

ఒక జీడికర్ర గుంజ పాతించాను. దానికి కొబ్బరిపీచు తాడు బిగించి కట్టి, రెండో కొసకి ఒక పుల్ల ముడివేసి, పిల్లవాడి చేతికిచ్చి, తాడు వదులు కాకుండా చుట్టూ గీసుకురమ్మన్నాను. వాడు శ్రద్ధగా గీశాడు. నాలుక బయటపెట్టి, వంగి, వెనక్కి నడుస్తూ. చుట్టు పూర్తయ్యేసరికి పుల్ల మొదటి గీతకి జానెడు లోపల తేలింది. మళ్లీ గీయించాను. మళ్లీ జానెడు. మర సడలిన కంపాస్ మీద నెట్టేయడానికి ఇక్కడ కంపాసూ లేదు.

అప్పుడు ఒక అమ్మాయి, లెక్కల్లో ఎప్పుడూ నోరు విప్పనిది, ముందుకొచ్చి గుంజ దగ్గర కూర్చుంది. "బిగించి కట్టీసినారు మాస్టారూ. అలాగైతే దూడ చుట్టుకుని చుట్టుకుని ఉరి పడిపోతాది. ఉంగరంలాగ వదులు ముడి ఎయ్యాల." అని తాడు విప్పి, గుంజ చుట్టూ తేలిగ్గా తిరిగేలా ఒక ముడి వేసింది. వాళ్లింట్లో దూడని మేతకి కట్టే పని ఆమెదట. ఈసారి పుల్ల తిరిగి బయల్దేరిన గీత మీదే వచ్చి కూర్చుంది.

ఆ జానెడు ఏమిటని రాత్రంతా ఆలోచించాను. బిగించిన తాడు ఒక చుట్టు తిరిగేలోపు గుంజకి ఒక చుట్టు చుట్టుకుంటుంది. చుట్టుకున్నంత మేరా పొట్టిదవుతుంది. అంటే లోపలికి జరిగిన జానెడు మరేదో కాదు, ఆ గుంజ చుట్టుకొలత. మర్నాడు పిల్లల చేతే గుంజకి దారం చుట్టించి కొలిపించాను, సరిపోయింది. గీత కలవకపోవడంలోనే ఇంకో వృత్తం దాక్కుని ఉంది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నాకు అంత సంతోషం ఇచ్చిన పీరియడ్లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

తాడు పట్టుకున్న పిల్లలకి పుస్తకం చెప్పలేని ఒక సంగతి తెలుస్తుంది. వృత్తం మీది ప్రతి బిందువూ కేంద్రం నుంచి సమాన దూరంలో ఉంటుందని నిర్వచనం. కాగితం మీద అది ఒప్పుకోవాల్సిన మాట. ఇసకలో అది మణికట్టుకి తెలిసే లాగుడు. కాస్త బయటికి పోబోతే తాడు వెనక్కి గుంజుతుంది, లోపలికి వస్తే జారి ఇసకలో పడుతుంది. పేరు చెప్పకముందే వాళ్లకి వ్యాసార్ధంతో పరిచయం అయిపోయింది. గుంజ పీకేశాక మిగిలిన చిన్న గుంత చూపించి, ఇదిరా కేంద్రం అన్నాను. ఆ మాట మనకి గ్రీకుల దగ్గర్నుంచి జ్యోతిషంతో పాటు వచ్చింది. వాళ్ల భాషలో దానికి అర్థం ములుకోల కొసన ఉండే మేకు, పొడిచే మొన. ఎడ్లని అదిలించే ముల్లుకర్ర చూసిన పిల్లలు వెంటనే అందుకున్నారు. రేడియస్ అన్నా అంతే, లాటిన్‌లో బండిచక్రం ఆకు. మాటలన్నీ ఒకప్పుడు పనిలో పుట్టినవే. బడిలోకి వచ్చాక చేతులు పోగొట్టుకున్నాయి.

ఆ ఏడాది నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పిల్లలు అడిగేదాకా పేర్లు చెప్పను. అప్పటిదాకా వాళ్లు పెట్టిన పేర్లే చెల్లుబాటు. ఇద్దరిని గీత మీద నిలబెట్టి మధ్య తాడు పట్టించాను. అడ్డతాడు అన్నారు. ఒకర్ని కదలకుండా ఉంచి, రెండోవాణ్ణి గీత మీదే నడవమన్నాను. నడుస్తున్నకొద్దీ తాడు చాలట్లేదు, మోచేతికి చుట్టుకున్న చుట్టలోంచి వదులుతూ పోవాల్సి వచ్చింది. ఒక చోట దాటాక మళ్లీ మిగలడం మొదలైంది, చుట్టుకుంటూ పోవాల్సి వచ్చింది. ఎక్కడ మారింది? వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు నడిపించాక చూస్తున్న పిల్లలే అరిచారు: "గుంజకి తగిలినప్పుడు!" అన్ని అడ్డతాళ్లలోకీ పెద్దది కేంద్రం మీదుగా పోయేదే. వ్యాసం అన్న మాట అప్పుడు చెప్పాను. ఇద్దరి మధ్య తాడుకీ, వంపుకీ నడుమ మిగిలిన ముక్కని పడవ అన్నారు, సముద్రం పక్క పిల్లలు కదా. పుస్తకం దాన్ని వృత్తఖండం అంటుంది. గుంజ నుంచి రెండు తాళ్లు లాగితే వాటి మధ్య పడే ముక్కని తాటాకు విసనకర్ర అన్నారు. పుస్తకంలో అది త్రిజ్యాంతరం. ఈ రెండు పేర్లలో ఏది పన్నెండేళ్ల పిల్లకి ముందు చెప్పాలో నాకు సందేహం లేదు.

జ్యా దగ్గర మాత్రం వాళ్ల పేరు కన్నా పాత పేరే గొప్పది, దాని మీది దుమ్ము దులపాలంతే. ఆ క్లాసులో మందస కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లవాడు ఉన్నాడు. అడ్డతాడు బిగించి పట్టుకున్నప్పుడు వాడు కాసేపు తల వంచి చూసి, "విల్లులాగున్నాది మాస్టారూ" అన్నాడు. నా ఒళ్లు పులకరించింది. జ్యా అంటే వింటి నారి, అల్లెతాడు. చాపం అంటే విల్లు. నారి మధ్య నుంచి వింటి మధ్యకి ఉండే దూరానికి మన పూర్వుల లెక్కల్లో శరం అని పేరు, బాణం. ఎవరో ఎన్నో వందల ఏళ్ల కిందట వృత్తంలో ఒక ముక్క చూసి, ఈ పిల్లవాడు అన్న మాటే అన్నారు. మర్నాడు వాడి చేత వెదురుబద్ద వంచి చిన్న విల్లు చేయించి ఇసకలోని గీత మీద పెట్టించాను. బద్ద చాపం మీద, తాడు జ్యా మీద కూర్చున్నాయి. ఆ రెండు పేర్లూ ఆ క్లాసులో ఇక ఎవరూ మర్చిపోలేదు.

ఆ మాట తర్వాత చేసిన ప్రయాణం పదో తరగతి పిల్లలకి చెబుతుంటాను. ఆర్యభటుడు సగం నారి పొడవులతో పట్టిక కట్టాడు. జ్యాకి ఇంకో పేరు జీవ. అది అరబ్బు పండితుల చేతికి వెళ్లి జిబా అయింది. వాళ్ల రాతలో అచ్చులు రాయరు కాబట్టి తర్వాతివాళ్లు దాన్ని జైబ్ అని చదువుకున్నారు, అంటే ఒడి, వంపు. పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినప్పుడు అదే అర్థంతో సైనస్ అన్నారు. మన పిల్లలు త్రికోణమితిలో సైన్ అని బట్టీ పట్టేది మన వింటి నారినే. మందస పిల్లవాడికి ఇది చెప్పినప్పుడు వాడేమీ అనలేదు కానీ, ఆ వెదురు విల్లు చాలా రోజులు వాడి సంచిలో ఉంది.

వృత్తం గీయడం ఒక్కటే కాదు, విసరడం కూడా తెలిసినవాళ్లు మా తీరంలో ఉన్నారు. ఒక ఆదివారం భావనపాడు వైపు ఉప్పుటేటి గట్టు మీద విసురువల వేసే మనిషిని పిల్లలతో కూర్చుని చూశాను. వల పైకొసన తాడు, దాని ఉచ్చు మణికట్టుకి. కింది అంచు పొడుగునా సీసపు గుళ్లు. అతను సగం వల ఎడమ మోచేతి మీద వేసుకుని, ఒక గుండు పళ్ల మధ్య పట్టుకుని, నడుము నుంచి తిరిగి విసిరాడు. గాల్లో వల ముడుచుకున్న గుడ్డలా వెళ్లి, ఒక్క క్షణం పూర్తి వృత్తమై ఆగినట్టయి, అంచంతా ఒకేసారి నీళ్లని తాకింది. గుళ్లు పడ్డ చోటల్లా చిన్న చిన్న తుంపరలు లేచి, నీటి మీద గీత గీసినట్టు కనిపించింది. పక్క ఒడ్డున కుర్రవాడు విసిరితే వల కోడిగుడ్డులా పడింది. ఒక వైపు తాళ్లు చిక్కుపడి పూర్తిగా చాపుకోలేదన్నాడు పెద్దాయన. అంటే వ్యాసార్ధాలు సమానంగా తెరుచుకోలేదు. ఈ వల అల్లేటప్పుడు పైకొస దగ్గర మొదలుపెట్టి చుట్లు చుట్లుగా కిందికి వస్తారు, వెడల్పు అవుతున్నకొద్దీ కళ్లు పెంచుకుంటూ. ఎన్ని చుట్లకి ఎన్ని కళ్లు పెంచాలో అతనికి చేతివేళ్లలో ఉంది. కేంద్రం నుంచి పరిధి దాకా వృత్తాన్ని అల్లినవాడు అతను. నాకు దాన్ని గీయడం మాత్రమే వచ్చు.

పరిధి ఎంత అన్న ప్రశ్న ఆ మరుసటి వారం వచ్చింది. వ్యాసమంత తాడు కోసి గీత వెంట పరుస్తూ పోయారు. మూడుసార్లు పరిచాక కొంచెం మిగిలింది. ఆరడుగుల పాదుకి ఆ మిగులు పెద్దవాళ్ల మూర కన్నా కాస్త ఎక్కువ. చిన్న వృత్తానికి చేస్తే మిగులూ చిన్నదయింది. గాజుకీ, బకెట్టుకీ, బడి బయట సిమెంటు ఒర బావికీ చేశారు. ఎక్కడ చేసినా మూడూ, కొంచెం. ఆ కొంచెం ఎంతో తేల్చకుండా వదిలేది లేదని పట్టుబట్టారు. 499లో, ఇరవైమూడేళ్ల ఆర్యభటుడు 20000 వ్యాసమున్న వృత్తానికి పరిధి 62832 అని చెప్పి, అది ఆసన్నం, అంటే దగ్గరి విలువ అని కూడా చెప్పాడని చెప్పాను. అంత పెద్దాయనా దగ్గరిది అనే అన్నాడా అని ఆ దూడ అమ్మాయి అడిగింది. అవునమ్మా అన్నాను. పీచు తాడు సాగుతుంది, ఇసక కదులుతుంది, వాళ్లకి వచ్చిన లెక్కలు ఒకరివి ఒకరితో కలవలేదు. అయినా ఎవరూ ఏదీ చెరిపి అతికించలేదు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మంచి ఏర్పాటే. కార్డ్ అన్నా జ్యా అన్నా పిల్లకి సమానంగా పరాయిదైతే మాత్రం రెండు పేజీలుండీ ఏం లాభం? ఈ బాధ మా ప్రాంతంలో కొత్తది కాదు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, మా టెక్కలికి ఎంతో దూరం లేని పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లో పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు. అంతకు చాలా ముందే, పదకొండో శతాబ్దంలో, పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వాళ్లు ఇద్దరూ గుర్తుకొచ్చినప్పుడు, పడవ అనీ విసనకర్ర అనీ పిల్లలు పెట్టిన పేర్లని ఎర్రసిరాతో కొట్టేయడానికి నా చేయి రాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకి దగ్గర్లో తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఐదేళ్ల ముందు ఫైలిన్‌కి తట్టుకున్న చెట్లు కూడా ఆ తెల్లవారి లేవు. తోటలు తోటలే పడుకున్నాయి. నాకు కళ్లకి కట్టినట్టు మిగిలిపోయింది పడిపోయిన చెట్ల కన్నా పాదులు. ఇసకలో గట్లు సగం చెదిరి, మధ్యలో వేళ్లు పెకలించుకుపోయిన గుంతలతో, వరసలు వరసలుగా కేంద్రం లేని వృత్తాలు.

బడి తెరిచాక ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు, ఢిల్లీ అన్న పిల్లవాడే, నన్ను వాళ్ల తోటకి రమ్మన్నాడు. వాళ్ల నాన్న వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకొచ్చే మనిషి. గునపం పట్టే పని తాతదీ మనవడిదీ. కొత్త మొక్కలు పాత చోటనే వేస్తానంటున్నాడు తాత, ఇరవై అయిదు అడుగుల వరస తప్పకూడదని. గుంతేమో ఒక పక్కకి చీలి ఉంది. చెట్టు నడిమధ్య ఎక్కడుండేదో ఎలా తెలియాలి?

ఆ పిల్లలకి అది తెలుసు. ఆరో తరగతిలోనే మధ్యాహ్న భోజనం పళ్లేన్ని వార్తాపత్రిక మీద బోర్లించి, చుట్టూ గీసి, కత్తిరించి, సగానికి మడిచారు, విప్పి ఇంకో రకంగా మడిచారు. రెండు మడతలూ కోసుకున్న చోటే కేంద్రం. ఇసకని మడవలేం కదా. వాడూ, ఇంకో ఇద్దరూ మిగిలిన గట్టు మీద రెండు చోట్ల పుల్లలు పాతి అడ్డతాడు లాగారు. ఒకే పొడవు తాడుతో రెండు కొసల నుంచీ వంపులు గీసి, అవి కోసుకున్న రెండు చోట్లని కలుపుతూ ఇంకో తాడు లాగారు. ఇంకో అడ్డతాడుకీ అలాగే చేశారు. ఆ రెండు తాళ్లూ ఒకదాన్నొకటి దాటిన చోట వాడు వేలు పెట్టి కూర్చున్నాడు.

తాత అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. నిలిచి ఉన్న రెండు చెట్ల వైపుకి వెళ్లి, ఒక కన్ను మూసి, ఇటు వరస, అటు వరస చూసుకుని వచ్చి, తన కర్ర గుచ్చాడు. మనవడి వేలికీ ఆయన కర్రకీ మధ్య బెత్తెడు. ఆయన వంగి తాళ్లని ఒక్కొక్కటే తడిమాడు, ఎవరో కట్టిన పందిరి గట్టిగా ఉందో లేదో చూసినట్టు. తర్వాత కర్ర పీకి, "నీకాడే ఎయ్యరా" అన్నాడు.

మొన్న వేసవిలో ఆ తోటకి వెళ్లాను. ఆ మొక్క ఇప్పుడు చెట్టు, తొలి గెల వేసింది. తాత లేడు. డిగ్రీ చదువుతున్న మనవడు పాదులు తవ్వుతున్నాడు. తాడు చెట్టు మొదలు చుట్టూ తిప్పి, ఉంగరంలా వదులు ముడి వేసి, ఆరడుగుల దూరాన పుల్ల పట్టుకుని గీసుకుంటూ వస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు. "మాస్టారూ, ఇప్పుడు కేంద్రం చెట్టు లోపల ఉండిపోయింది. ఆరడుగులు బెరడు దగ్గర్నుంచి కొలవాలా, లోపల్నుంచి కొలవాలా?"

నేను చెప్పులు విడిచి ఇసకలో కూర్చున్నాను. వాడు తాడు రెండో కొస నా చేతికిచ్చి, చెట్టు చుట్టుకొలత తీయడానికి లేచాడు.